కొన్నది మనమే... మార్చొచ్చా?

పది వేల అయిదు వందల రూపాయల సెల్‌ఫోను. చేతికి రూ.3,350 కడితే ఇచ్చేస్తారు! సెల్లంటే ఇంకా మోజు తీరని 2003లో ఇలాంటి మాట వింటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? రిలయన్స్ ఇన్ఫోకామ్ పెట్టిన ఆ పథకానికి ఒకటే షరతు. మూడేళ్లపాటు ఆ కంపెనీ సర్వీసే వాడాలి. మాట తప్పుతారేమోనని ఫోన్లోనే తాళం వేసి ఇచ్చారు. తాళమంటే ఇనుప తాళం కాదు, ఒక నంబరు. ఈఎస్ఎన్ అంటారు. ప్రతి ఫోనుకీ వేరుగా ఉండే ఆ నంబరును చూసే నెట్‌వర్క్ 'ఇది మనవాడి ఫోనే' అని గుర్తుపడుతుంది.

తాళం ఉన్నాక మారుతాళం రాకుండా ఉంటుందా! రిలయన్స్ ఫోన్లలోని ఆ నంబరును మార్చి, తమ సర్వీసుకు పనిచేసేలా చేస్తున్నారని టాటా ఇండికామ్ ఉద్యోగులపై ఆరోపణ వచ్చింది. శామ్‌సంగ్ ఎన్191, ఎల్జీ 2030... ఈ రెండు రకాల ఫోన్లు అందులో ఉన్నాయి. 2003లోనే సీఐడీ పోలీసులు కేసు కట్టారు. నిందితులు కేసు కొట్టేయమంటూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టారు. ఫోను ఫోనే గానీ కంప్యూటర్ ఎలా అవుతుంది? నచ్చిన కంపెనీని ఎంచుకునే హక్కు వాడకందారుకి లేదా? ఇదీ వారి వాదన.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 2005 జులైలో జస్టిస్ వి.వి.ఎస్.రావు ఇచ్చిన తీర్పు వేరేలా వచ్చింది. సెల్‌ఫోను కూడా ఐటీ చట్టం ప్రకారం కంప్యూటరేనన్నారు. మోసం, నమ్మకద్రోహం, కుట్ర అభియోగాల్ని కొట్టేశారు. ఐటీ చట్టం 65వ సెక్షనూ, కాపీరైట్ చట్టం 63వ సెక్షనూ మాత్రం అలాగే ఉంచి, మూడు నెలల్లో దర్యాప్తు ముగించమన్నారు. 65వ సెక్షన్ కింద నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ రెండు కంపెనీల సెల్ సర్వీసులూ తర్వాత్తర్వాత మూతపడ్డాయి. తీర్పు మాత్రం మిగిలింది!

అక్కడ మార్చింది కంపెనీ రాసిన నంబరునే. మరి కంపెనీ ప్రోగ్రామును ముట్టుకోకుండా, పక్కన మన ముక్క ఒకటి తగిలిస్తే? దాన్నే యాడ్-ఆన్ అంటారు. దాని మీదా ప్రపంచమంతా తగాదాలే. అమెరికాలో గలూబ్ అనే బొమ్మల కంపెనీ 'గేమ్ జీనీ' అనే పరికరం అమ్మింది. నింటెండో ఆటకు తగిలిస్తే పిల్లలకు ప్రాణాలు ఎక్కువ దొరుకుతాయి, గెంతులు పెద్దవవుతాయి. నింటెండో కోర్టుకెక్కింది. ఏడాదిపాటు అమ్మకాలు ఆగాయి. 1992లో అప్పీలు కోర్టు గలూబ్ వైపే మొగ్గింది. ఆట నడుస్తున్నంతసేపే మారుతోంది, కొత్త కాపీ ఏదీ పుట్టడంలేదు కదా అంది. ఆగిన ఏడాదికి నష్టపరిహారంగా కోటిన్నర డాలర్లు కూడా దక్కాయి.

అలాగని అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. 'డ్యూక్ న్యూకెమ్ 3డీ' ఆటకు అభిమానులు సొంతంగా తయారుచేసిన 300 దశల్ని మైక్రో స్టార్ అనే సంస్థ సీడీలో పెట్టి అమ్మింది. అందులో కంపెనీ బొమ్మ ఒక్కటీ లేదు. అయినా 1998లో అదే అప్పీలు కోర్టు, ఆ దశలు డ్యూక్ కథనే కొనసాగిస్తున్నాయి కాబట్టి తప్పేనంది. ఐరోపాలో సోనీ ఆటల మీద డేటెల్ కంపెనీ చేసిన ఇలాంటి ముక్కకు 2024 అక్టోబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఊరటనిచ్చింది. ప్రోగ్రాం కోడ్‌ను మార్చకుండా, నడుస్తున్నప్పుడు మెమరీలోని అంకెల్ని మాత్రం మారిస్తే అది కాపీరైట్ ఉల్లంఘన కాదంది. గలూబ్, డేటెల్ అంటే కంపెనీలు. ఏళ్ల తరబడి లాయర్లను పోషించగలవు. ఒంటరిగా ప్రోగ్రాం రాసుకునే కుర్రాడికి మొదటి నోటీసు దగ్గరే గుండె జారుతుంది.

వీరులపాడులో అలాంటి కుర్రాడే ఒకడున్నాడు. బీకాం కంప్యూటర్స్. నందిగామ, జగ్గయ్యపేట వైపు పత్తి, మిర్చి వ్యాపారుల లెక్కలకు ట్యాలీలో యాడ్-ఆన్‌లు రాసిస్తాడు. బస్తాలెన్ని, తరుగెంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత... అన్నీ ఒకే పట్టీ మీద ప్రింటై రావాలి. దీనికి భయమేమీ లేదు. ట్యాలీకి టీడీఎల్ అనే భాష ఉంది. బయటివాళ్లు అదనపు ముక్కలు రాసుకోవడానికి కంపెనీయే ఆ తలుపు తెరిచిపెట్టింది. అసలు ప్రోగ్రామును విప్పాల్సిన పనే లేదు.

చిక్కల్లా కాటా దగ్గర వచ్చింది. వేబ్రిడ్జి మీద బండి తూగగానే ఆ బరువు నేరుగా లెక్కల్లోకి రావాలని ఓ షావుకారు కోరిక. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లేమో ఫైల్లో బరువు ఎక్కడ రాస్తారో చెప్పమన్నారు. పైగా 'మా ఫైలు ముట్టుకుంటే కేసే' అని బెదిరింపు! కుర్రాడు రెండు వారాలు పని ఆపేశాడు. అడ్వాన్సుగా తీసుకున్న డబ్బు అప్పటికే చెల్లెలి ఫీజుకు వెళ్లిపోయింది.

చివరికి తెలిసిన లాయరు ఒకాయన చట్టం చూపించాడు. 1999 సవరణతో కాపీరైట్ చట్టంలోకి చేరిన ముక్క అది. 52వ సెక్షన్, ఒకటో ఉపసెక్షన్, 'ఏబీ' క్లాజు. సొంతంగా రాసిన ప్రోగ్రాం మరో ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి తప్పనిసరైన సమాచారం మరోచోట సులువుగా దొరక్కపోతే, దాన్ని రాబట్టుకునే పనులు చేయొచ్చు. అది ఉల్లంఘన కాదు. మన చట్టం చేసిన మంచి పనుల్లో ఇదొకటి. ఎంతమందికి తెలుసన్నది వేరే సంగతి!

అయితే అందులో ఓ మెలిక ఉంది. ఈ వెసులుబాటు ఆ సాఫ్ట్‌వేర్‌ను చట్టబద్ధంగా కలిగి ఉన్నవారికే. కుర్రాడు షావుకారు కంప్యూటర్ తెరిచి చూశాడు. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ ఎవరో తెచ్చి ఎక్కించిన దొంగ కాపీ.

"ఏంటబ్బాయ్, ఏడేళ్లుగా ఇదే వాడుతున్నా. ఎవరడిగారు?"

"మిమ్మల్ని అడగలేదు బాబాయ్. నేను చెయ్యి పెడితే నన్నడుగుతారు."

షావుకారు కాసేపు గొణుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, లైసెన్సు ధర ఎంతో కనుక్కోవడానికి ఫోన్ అందుకున్నాడు.