ఔత్సాహికులు

నిజామాబాదు నుండి బోధనుకు ఇరవైఅయిదు కిలోమీటర్ల పైచిలుకు దూరం. బస్సు జానకంపేట, ఎడపల్లి దాటిన తరువాత, కళ్లు మూసుకొని కూర్చున్న ప్రయాణికునికి సైతం ఊరు దగ్గరపడిందని ఒకప్పుడు ఇట్టే తెలిసిపోయేది. కాగుతున్న చెరకురసపు తీపీ, మొలాసిస్ పులుపూ కలిసిన ఘాటైన వాసన గాలిలో ఎదురు వచ్చేది. ఉపన్యాసకుడిగా ఉద్యోగంలో చేరిన తొలిరోజులలో దానిని భరించలేక నేను ముక్కుకు చేతిరుమాలు అడ్డుపెట్టుకొనేవాణ్ణి. తరువాత అలవాటైంది. ఆ పిమ్మట ఒకనాడు ఆ వాసనే లేకుండా పోయింది.

బోధను ప్రాచీనమైన పట్టణం. అశ్మక జనపదానికి రాజధానియైన పోదనపురం ఇదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అయితే నా విద్యార్థులకు పోదనపురంతో పని లేదు. వారి చరిత్ర అంతా చక్కెరతో మొదలవుతుంది. 1923లో ఆరంభమై 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట మంజీరా జలాలను ఈ నేలకు తెచ్చింది. నీటి వెంట చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. ఒక కాలంలో అది ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా పేరు పొందింది. 2002లో అధిక వాటా ప్రైవేటు యాజమాన్యానికి వెళ్లింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. గానుగాట సాగవలసిన చలికాలంలో గొట్టాల నుండి పొగ రాలేదు. నా తరగతిలో ముందు బెంచీల మీద కూర్చునే పిల్లలలో పలువురి తండ్రులు ఆ నెల నుండి ఇంటివద్దనే ఉన్నారు.

నేను చెప్పదలచినది ఆ పిల్లలలో కొందరు ఆడిన ఒక ఆటను గురించి.

మా ఫిజికల్ డైరెక్టరుగారు ఎక్కడినుండి తెచ్చారో తెలియదు గాని, ఒక పాత కిట్టుసంచిలో రెండు బ్యాట్లు, నాలుగు చేతితొడుగులు, ఆరు బంతులు తెచ్చి పిల్లలకు బేస్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారు. కళాశాల వెనుక కోత ముగిసిన చెరకుమడిని చదును చేసి మైదానం చేసుకున్నారు. కర్మాగారం నుండి ఎప్పుడో వచ్చిన చక్కెర గోనెసంచులలో ఊక నింపి, వాటినే బేసులుగా పరచుకున్నారు. క్రికెట్టూ, కబడ్డీ ఉండగా ఈ అమెరికా ఆట ఎందుకని నేను స్టాఫ్‌రూములో విసుక్కొన్నాను. ప్రబంధ సాహిత్యంలో పరిశోధన చేసినవాడికి కందుకక్రీడ అనగానే అంతఃపుర కన్యలు జ్ఞాపకం వస్తారు గాని, ఊకసంచులు జ్ఞాపకం రావు కదా!

నిజానికి బంతీ కర్రా మనకు కొత్తవి కావు. భారతంలో కురుకుమారులు ఆడుకొంటుండగా వారి ఆటవస్తువు బావిలో పడటం, ద్రోణుడు దానిని బాణాలతో వెలికి తీయడం మీరు చదివే ఉంటారు. సంస్కృత మూలంలో ఆ వస్తువు పేరు ‘వీట’. కర్రతో కొట్టి పైకి ఎగరవేసే జానెడు కొయ్యముక్క అని వ్యాఖ్యాత నీలకంఠుడు దానిని వివరించాడు. అంటే అది మన పల్లెలలోని చిర్రగోనెకు పూర్వరూపమే. నన్నయ తెలుగులో దానిని బంగారు బంతిగా మార్చాడు. రాకుమారులకు కొయ్యముక్క తగదనుకొన్నాడేమో! నాకు మాత్రం ఆ కొయ్యముక్కే ఇష్టం.

ఒకనాటి సాయంకాలం బస్సు రాక ఆలస్యమై, గట్టుమీద కూర్చొని ఆట చూశాను. జట్టుకు తొమ్మిదిమంది. ఒక్కొక్క భుజం తొంభై అడుగులుండే చతురస్రం. దాని ఒక మూల ‘హోమ్’, అనగా ఇల్లు. ఆటగాడు బంతిని కొట్టి ఇంటినుండి బయలుదేరి, మూడు మజిలీలు దాటి, మరల ఇల్లు చేరితేనే ఒక పరుగు. ఎంత దూరం కొట్టాడన్నది కాదు, తిరిగి ఇంటికి వచ్చాడా లేదా అన్నదే లెక్క. ఈ సూత్రం నాకు నచ్చింది. స్కోరు వ్రాసే అమ్మాయి ఒక చిరిగిన బంతిని నా చేతికిచ్చి, “సార్, దీని మీద నూటెనిమిది కుట్లుంటయి, లెక్కవెట్టుండ్రి” అన్నది. ఎర్రదారపు జంటకుట్లను లెక్కపెట్టాను. సరిగ్గా నూటఎనిమిదే. అష్టోత్తర శతం! ఆ దినం రెండు బస్సులు వెళ్లిపోయాయి.

ఆ అమ్మాయి వద్ద రెండువందల పేజీల గీతల నోటుపుస్తకం ఉండేది. మా పిల్లలతో కలిపి చుట్టుపట్ల ఊళ్లవి నాలుగు జట్లు ఆదివారాలలో ఆడేవి. ఆ చిన్న లీగు చరిత్ర అంతా ఆ పుస్తకంలోనే ఉంది. అమెరికాలో 1876లో నేషనల్ లీగు ఏర్పడిన నాటినుండి ఈ ఆటకు లెక్కలంటే ప్రాణమని మా డైరెక్టరుగారు చెప్పేవారు. ప్రతి బంతికీ ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తులలో నన్ను ఆకర్షించినది ‘శాక్రిఫైస్’, అంటే త్యాగం. ముందున్న సహచరుడు ఒక మజిలీ ముందుకు సాగడానికి బ్యాటు పట్టినవాడు తెలిసి తెలిసి బంతిని మెల్లగా తాకించి తాను అవుట్ అవుతాడు. పుస్తకంలో అది అతని వైఫల్యంగా లెక్కకు రాదు; అతని బ్యాటింగు సగటు తగ్గదు. త్యాగానికి పట్టికలో ప్రత్యేకమైన గడి ఉన్న ఆట మరొకటి ఉన్నదేమో నాకు తెలియదు.

ఆడిన ప్రతివాడూ ఆదివారానికి పది రూపాయలు ఇవ్వాలి. బంతుల ఖర్చుకు పోగా మిగిలినది పరీక్ష ఫీజు కట్టలేని వారికి. ఈ ఏర్పాటు పిల్లలే చేసుకున్నారు; మేమెవరమూ చెప్పలేదు.

ఇటువంటి ఆటగాళ్లను ఆంగ్లంలో అమెచ్యూర్లంటారు. ఆ పదానికి లాటిన్ మూలంలో ‘ప్రేమించేవాడు’ అని అర్థం. తెలుగులో మనం ‘ఔత్సాహికుడు’ అంటున్నాము. ఎవరు కల్పించారో గాని గొప్ప మాట. అలంకారశాస్త్రంలో ఉత్సాహం వీరరసానికి స్థాయిభావం. ఆ వీరం యుద్ధవీరమొక్కటే కాదు, దానవీరం కూడా ఉన్నదని భరతుడు చెప్పాడు. అంటే ఆడటానికి ఏ ఉత్సాహం కావాలో, ఇవ్వడానికీ అదే కావాలి. ఈ విషయాన్ని నేను ఏళ్ల తరబడి తరగతిలో బోధించాను. బోధించడం సులభం.

డబ్బు పుచ్చుకొని ఆడేవారిలో ఈ గుణం ఉండదని నేను అనను. డైరెక్టరుగారు పిల్లలకు తరచుగా రొబెర్తో క్లెమెంతె కథ చెప్పేవారు. అతడు ప్యూర్టోరికో ద్వీపవాసి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకు పద్దెనిమిది సీజన్లు ఆడాడు. పిట్స్‌బర్గ్ అనగానే మనవారికి అక్కడి వేంకటేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. ఆ ఊరివారికి క్లెమెంతె గుర్తుకు వస్తాడు. 1972 సెప్టెంబరు 30న అతడు తన మూడువేలవ హిట్ సాధించాడు. అదే ఏడు డిసెంబరు 23న నికరాగువా రాజధాని మనాగువాలో ఘోరమైన భూకంపం వచ్చింది. అతడు సేకరించి పంపిన సహాయ సామగ్రి బాధితులకు చేరకుండా దారి మళ్లుతున్నదని తెలిసి, తాను వెంట ఉంటే అట్లా జరుగదని, డిసెంబరు 31 రాత్రి విమానమెక్కాడు. అధిక భారంతో బయలుదేరిన ఆ విమానం కొద్దిసేపటికే సముద్రంలో కూలింది. అతని దేహం దొరకలేదు. మూడువేల హిట్ల దగ్గరే లెక్క ఆగిపోయింది. ఈ కథ చెప్పినప్పుడల్లా స్కోరు వ్రాసే అమ్మాయి, “అయితే ఆయన ఇల్లు చేరలే గద సార్” అనేది.

2016 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. లీగులో చివరి ఆట. గెలిచిన జట్టు నిజామాబాదులో జరిగే పోటీకి వెళ్తుంది. పరీక్షల ముందు ఇదే ఆఖరి అవకాశమని పిల్లలు నెల రోజులుగా ఆ మాటే కలవరించారు. ముందురోజు రాత్రి మా క్యాచర్ తండ్రిని లారీ ఢీకొన్నది. ఆయన చక్కెర కర్మాగారంలో పనిచేసినవాడు. లేఆఫ్ తరువాత నిజామాబాదు పసుపు మార్కెట్టులో హమాలీ పనికి కుదిరాడు. కాలికి శస్త్రచికిత్స చేయాలన్నారు. నాలుగు సీసాల రక్తం కావాలి. తీసుకొన్నదానికి బదులుగా దాతలను తెచ్చుకోవాలి.

నేను నిజామాబాదులోనే ఉంటాను కనుక డైరెక్టరుగారు నాకు ఫోను చేశారు. నేను వెళ్లేసరికి రక్తనిధి కేంద్రం వరండాలో మా జట్టంతా నిలబడి ఉన్నది. తెల్లవారక ముందే తొలి బస్సుకు వచ్చారట. యూనిఫారం వంటి తెల్లబనియన్లలోనే ఉన్నారు. లోపలి ఉద్యోగిని ఒక్కొక్కరినీ వయసు అడిగి వెనుకకు పంపుతున్నది. పద్దెనిమిది ఏళ్లు నిండనివారు రక్తం ఇవ్వరాదు. ఇంటర్మీడియట్ పిల్లలు కదా, నిండినవారు ముగ్గురే తేలారు. వారిలో కెప్టెనును యంత్రంపై నిలబెట్టగా నలభైమూడు కిలోలు తూగాడు. నలభైఅయిదు ఉండాలి. “పొద్దుగాల ఏం తినలే మేడం, నీళ్లు తాగి వస్త” అని అతడు బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. అతడు బయటికి వచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇద్దరున్నారు. డైరెక్టరుగారితో ముగ్గురయ్యారు. నాలుగవవాడి కోసం అందరూ నావైపు చూశారని చెప్పలేను, ఎవరూ చూడలేదు. అదే నాకు కష్టమైంది. శిబి చక్రవర్తి తన శరీరం నుండి మాంసం కోసి తులాభారమిచ్చిన ఘట్టాన్ని ఆ పిల్లలకే మూడు నెలల క్రితం గొంతెత్తి చదివి వినిపించినవాణ్ణి నేను. నాకు సూదంటే భయం. అంతవరకు ఒక్కనాడూ రక్తం ఇవ్వలేదు. ఆ ఉద్యోగినితో, “ఉదయం ఏమీ తినలేదమ్మా, ఇటువంటి స్థితిలో ఇవ్వవచ్చునా?” అన్నాను. ప్రశ్నవలె అడిగాను గాని అది ప్రశ్న కాదు. స్కోరు వ్రాసే అమ్మాయి వెంటనే సంచి తెరిచి, “సార్, అమ్మ ఇడ్లీలు గట్టిచ్చింది. తినుండ్రి. తిన్నంక ఇయ్యొచ్చట” అని పొట్లం నా చేతిలో పెట్టింది.

ఆమె నన్ను దెప్పిపొడవలేదు. నిజంగా నాకు ఆకలిగా ఉన్నదనే అనుకున్నది. వరండాలో నిలబడి నాలుగు ఇడ్లీలు తిన్నాను. అంత కష్టంగా ఎన్నడూ తినలేదు. కొంతసేపు ఆగి లోపలికి వెళ్లాను. మూడువందల యాభై మిల్లీలీటర్లు. పది నిమిషాలైనా పట్టలేదు.

బయటికి వచ్చేసరికి వాకిట్లో ఒక ట్రాక్టరు ఆగి ఉన్నది. ప్రత్యర్థి జట్టువారు దిగుతున్నారు. మైదానానికి రాని జట్టు తొమ్మిది సున్నాతో ఓడినట్లు నియమం. ఆ ఉదయం వారు ఊకసంచుల దగ్గర నిలబడి ఉంటే చాలు, నిజామాబాదు పోటీకి నేరుగా వెళ్లేవారు. డైరెక్టరుగారు ఆ మాటే వారితో అన్నారు. వారి కెప్టెను తల గోక్కొని, “మేం గూడ పోలే సార్. ఇద్దరం పోకుంటె ఎవలు గెల్చినట్టు?” అన్నాడు. నియమావళి కంఠస్థమైన డైరెక్టరుగారికి సైతం దీనికి జవాబు దొరకలేదు. వారిలో ఇద్దరు పెద్దవారుండటంతో అవసరమైనదానికంటే రెండు సీసాలు ఎక్కువే సమకూడాయి.

ఆ సంవత్సరం మా లీగు నుండి పోటీకి ఎవరూ వెళ్లలేదు. నిధిలో ఉన్న సొమ్ము ఆ తల్లీకొడుకుల భోజనాలకూ, మందులకూ సరిపోయింది. క్యాచర్ తండ్రి బతికాడు. కాలు మాత్రం మునుపటివలె వంగలేదు. పరీక్షలు కాగానే ఆ కుటుంబం పని వెతుక్కొంటూ హైదరాబాదు వెళ్లిపోయింది. అంత మంచి క్యాచర్ మరల దొరకలేదు. మరి రెండేళ్లు ఆట సాగింది. నోటుపుస్తకంలో ప్రతి ఆటగాని పేరు పక్కన స్థానంతో పాటు రక్తవర్గం వ్రాసే గడి ఒకటి అదనంగా చేరింది. పద్దెనిమిదవ పుట్టినరోజు వచ్చినవాడు మిఠాయి తేనక్కరలేదు, రక్తనిధికి వెళ్లి రావాలని కొత్త నియమం పెట్టుకున్నారు. తరువాత ఎవరి దారిన వారు వెళ్లారు. చెరకుమడిలో వరి వేశారు.

కళాశాల విడిచి వెళ్లేనాడు ఆ అమ్మాయి నోటుపుస్తకాన్ని నాకు ఇచ్చింది. ఆ ఆదివారపు పుట ఇప్పుడు నా ముందున్నది. ఫలితమనే చోట ఖాళీగా వదిలింది. క్రింద మా జట్టు తొమ్మిదిమంది పేర్లు, రక్తమిచ్చిన ఇద్దరి ఎదుట త్యాగపు గుర్తు. బరువు చాలని కెప్టెనుకు కూడా అదే గుర్తు పెట్టి, ఏమనుకున్నదో, కొట్టివేసి, మరల పెట్టింది. నిలువు గీతలు ముగిసిన తరువాత స్కేలుతో మరొక గీత గీసి, పదవ వరుసలో డైరెక్టరుగారి పేరు, పదకొండవ వరుసలో నా పేరు వ్రాసింది. నా ఎదుట త్యాగపు గుర్తు లేదు. దానికి బదులు చిన్న అక్షరాలలో ‘నాలుగు ఇడ్లీలు’ అని ఉన్నది.