బండి ఎవరి పేరున ఉందండీ?

కారు అంటే మావారికి ఇంజను, టైర్లు. నాకు కాగితాలు. చీటీ పాడి దాచిన లక్షన్నర నాది మరి!

రావులపాలెం దగ్గర 2012 ఆల్టో ఉందని మా మరిది చెప్పాడు. ఏపీ 05 నంబరు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చేసింది కదా, 05 చూస్తే మన తూర్పుగోదావరి పాత బండని ఇట్టే తెలిసిపోతుంది. రాజమండ్రి నుంచి వెళ్లి చూశాం. బండి శుభ్రంగా ఉంది. మావారు బేరానికి దిగబోతుంటే "ఆర్సీ ఓసారి ఇవ్వు నాన్నా" అన్నాను.

పేరు వాళ్ల నాన్నగారిది. ఆయన పోయి రెండేళ్లట! కింద బ్యాంకు పేరు కూడా అలాగే ఉంది. అప్పు ఎప్పుడో తీరిందట, కానీ తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఎవరూ పట్టుకెళ్లలేదు.

"29, 30 ఫారాల మీద నాన్న సంతకాలున్నాయండీ, ఏం పర్లేదు" అన్నాడు అబ్బాయి. పోయిన మనిషి సంతకంతో ఇవాళ అమ్మకమేంటండీ? ముందు మరణ ధ్రువపత్రం పెట్టి, ఫారం 31తో వారసుల పేరుకి మార్చాలి. ఆ తర్వాతే మాకు.

"మీ అమ్మగారు, చెల్లెలు ఒప్పుకున్నారా?" అన్నాను. "పాత కారేగా, దానికి కూడానా" అని నవ్వాడు. చట్టప్రకారం భార్య, కొడుకు, కూతురు ముగ్గురిదీ సమాన వాటా. అప్పుడు ఆవిడ వంటింట్లోంచి వచ్చి నెమ్మదిగా, "అమ్ముతున్నట్టు నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. అబ్బాయి తల దించుకున్నాడు. మాకూ ఇబ్బందిగానే అనిపించింది.

మావారు మాత్రం కారు దిగగానే "అందరూ ఇలాగే కొంటారు, నీదంతా చాదస్తం" అన్నారు. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేశాను. అంటే రేపు మనం అమ్మినా ఇదే గొడవ. పైగా ఆర్సీ గడువు పదిహేనేళ్లు, 2027లో ఫిట్‌నెస్ చేయించి మరో ఐదేళ్లకి రెన్యూవల్ చేయించాలి. ఆ ఖర్చు బేరంలో తగ్గించమన్నాను, తగ్గించారు కూడా!

పదివేలు బయానా ఇచ్చి, రసీదు ఆవిడ చేతే రాయించుకున్నాం. అమలాపురం నుంచి కూతురొచ్చి సంతకం పెట్టి వెళ్లిందట. బ్యాంకు కాగితం ఇంకా రావాలి. కారు ఇంకా వాళ్ల కొబ్బరిచెట్ల కిందే ఉంది. మావారు ఆదివారం ఆదివారం వెళ్లి స్టార్ట్ చేసి, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి వస్తున్నారు.