నీరు ఎటు పోతోంది?

వేడి లేనిదే ఇంజను నడవదు. వేడి మితిమీరితే ఇంజను నిలవదు. ఈ రెండింటి నడుమ సమతూకాన్ని కాపాడేది ఇంజను లోపల ప్రవహించే కొద్దిపాటి ద్రవం. దహనం వల్ల పుట్టిన వేడిని అది ఇంజను గోడల నుండి గ్రహించి, రేడియేటరులోని సన్నని గొట్టాలకు చేరవేస్తుంది. అక్కడ ఆ వేడిని గాలికి అప్పగించి, చల్లబడి తిరిగి వస్తుంది. 1901లో వెలువడిన మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు ఎనిమిది వేలకు పైగా చిన్న గొట్టాలతో తేనెపట్టు వంటి రేడియేటరును రూపొందించాడు. నాటి నుండి నేటి వరకు రూపం మారినా సూత్రం మారలేదు. ఆ ద్రవం తరిగిపోతే ఇంజను ఆయువు కూడా తరిగిపోతుంది.

ఈ సత్యం 2012 వేసవిలో నాకు అనుభవపూర్వకంగా తెలిసింది. అప్పటికి మా అమ్మకు మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిని ఏడాది కావస్తోంది. మంగళగిరి నేతన్నల ఇళ్లలో పుట్టి పెరిగిన మనిషి ఆమె. కండెలు చుట్టి, చుట్టి అరిగిన ఆ చేతులకు డయాలిసిస్ సూదులు అలవాటయ్యాయి. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఆమెను మా పాత చిన్న కారులో కృష్ణ దాటించి విజయవాడ ఆసుపత్రికి తీసుకొనిపోయేవాడిని. అక్కడ యంత్రం నాలుగు గంటలపాటు ఆమె రక్తాన్ని శుభ్రపరచి, ఒంటిలో చేరిన అదనపు నీటిని తొలగించేది. ఒక్క విడత తప్పినా ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదం ఉందని వైద్యుడు హెచ్చరించాడు. అందుచేత ఆమె తాగే ప్రతి గుక్కనూ, ప్రతి ఉదయపు బరువునూ ఒక నోటుపుస్తకంలో రాసేవాళ్లం.

ఏప్రిల్ నెలలో ఒకనాడు కనకదుర్గ వారధి మీద వాహనాలు బారులు తీరి నిలిచిపోయాయి. మా కారులో వేడిని సూచించే ముల్లు ఎర్రగీతను సమీపించింది. వెంటనే ఇంజను ఆపి, అమ్మను ఆటోలో తమ్ముడితో పంపి, నేను కారు దగ్గర నిలిచాను. రేడియేటరు మూతను ముట్టుకోకుండా ముప్పావుగంట వేచి ఉన్నాను. ఆ మూత సాధారణమైన మూత కాదు. అది లోపలి పీడనాన్ని పెంచి, నూరు డిగ్రీలు దాటినా నీరు మరగకుండా చూస్తుంది. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. అంతవరకు అణగి ఉన్న నీరు క్షణంలో ఆవిరై మీదికి చిమ్ముతుంది. ఈ విధంగా ముఖమూ చేతులూ కాల్చుకొన్నవారు ఎందరో ఉన్నారు. చల్లారిన పిమ్మట మూత తీసి చూస్తే రేడియేటరులో నీరు అడుగంటింది. వెంట తెచ్చుకొన్న నీటితో నింపి ఆసుపత్రికి చేరుకొన్నాను.

ఆ రోజు నుండి నోటుపుస్తకంలో మరొక వరుస చేరింది. కారుకు ఏ రోజున ఎంత నీరు పోసిందీ అందులో రాయసాగాను. ఆ రెండు వరుసలను పక్కపక్కన చూసినప్పుడు నా మనసు కలతపడేది. అమ్మ ఒంటిలో చేరిన నీరు బయటకు పోదు. కారులో పోసిన నీరు లోపల నిలవదు.

రహదారి పక్కనున్న ఒక గ్యారేజీలో చూపించాను. అక్కడివారు బానెట్ ఎత్తి, పది నిమిషాలైనా పరీక్షించకుండానే, హెడ్ గాస్కెట్ పోయిందనీ, ఇంజను విప్పక తప్పదనీ తేల్చారు. వారం రోజులు పడుతుందన్నారు. అంతవరకు థర్మోస్టాట్‌ను తీసివేసి నడుపుకొమ్మని సలహా కూడా ఇచ్చారు. ఇంజను తగినంత వేడెక్కేవరకు నీటిని రేడియేటరులోకి పోనీయకుండా ఆపే తలుపు వంటిది థర్మోస్టాట్. దానిని తీసివేస్తే కారుతున్న నీరు ఆగుతుందా? ఇంటికి వచ్చి విషయం చెప్పగానే అమ్మ నవ్వింది. "తెగిన పోగు ఎక్కడుందో చూడకుండా మగ్గమంతా విప్పుతారటరా, నాయనా?" అన్నది.

ఆ మాట పట్టుకొని విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లాను. లారీల బాడీలు కట్టేవారి నుండి చిన్న బోల్టులు అమ్మేవారి వరకు వేలాదిమందికి బతుకునిచ్చే చోటు అది. అక్కడ ఒక చిన్న షెడ్డులో వయసు మళ్లిన మేస్త్రి ఉన్నాడు. ఆయన ముందుగా పనిముట్లను పట్టుకోలేదు. ప్రశ్నలు వేశాడు. "బండి పరుగులో ఉన్నప్పుడు వేడెక్కుతోందా, ఆగినప్పుడా? ఎన్నాళ్లకు ఎంత నీరు పోస్తున్నారు? పొద్దున్నే బండి కింద తడి కనబడుతోందా?"

నేను నోటుపుస్తకం చూపించాను. నీటి వరుసలు చూసి తల ఊపాడు. "మాష్టారూ, మన పానకాలస్వామికి పోసిన పానకంలోనైనా సగం ప్రసాదంగా తిరిగి వస్తుంది. ఈ బండి ఏమీ తిరిగి ఇవ్వడం లేదు. అయితే ఇది దేవుడి మహిమ కాదు. నీరు ఎక్కడికో పోతోంది. ఆ దారి ఏదో చూద్దాం" అన్నాడు.

నీరు పోవడానికి దారులు రెండే. ఒకటి బయటకు, రెండవది ఇంజను లోపలికి. మేస్త్రి ముందుగా రెండవ దారిని పరిశీలించాడు. ఆయిలు కొలిచే పుల్లను తీసి చూశాడు. ఆయిలులో నీరు కలిస్తే అది పాలు కలిసిన కాఫీ రంగుకు మారుతుంది. అలా మారలేదు. ఇంజను బాగా వేడెక్కిన తరువాత కూడా సైలెన్సరు నుండి తెల్లని ఆవిరి రాలేదు. కారు చల్లారాక మూత తీసి, ఇంజనును మళ్లీ నడిపించి చూస్తే రేడియేటరు నీటిలో ఎడతెగని బుడగలు కనిపించలేదు. హెడ్ గాస్కెట్ చెడితే సాధారణంగా కనిపించే లక్షణాలలో ఒక్కటీ లేదు.

ఇక మిగిలినది మొదటి దారి. రేడియేటరు మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత పీడనం వరకు గాలి కొట్టాడు. మీటరు ముల్లు మెల్లమెల్లగా దిగసాగింది. టార్చిలైటు పట్టుకొని గొట్టాలు, అతుకులు, రేడియేటరు మూలలు వరుసగా వెతికాడు. చివరకు వాటర్ పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రం వద్ద ఎండిన తెల్లని చార, దాని కొసన నిలిచిన ఒక్క నీటిబొట్టు కనిపించాయి. పంపు లోపలి సీలు అరిగితే నీరు బేరింగులోకి చేరకుండా బయటపడడానికి ఆ రంధ్రం ఉంచుతారు. దోషాన్ని తెలియజేయడమే దాని పని. కారు నడిచేటప్పుడు అక్కడ కారిన నీరు వేడి ఇంజను మీద పడి వెంటనే ఆవిరైపోయేది. అందువల్లనే మా వాకిట్లో ఏనాడూ తడి కనిపించలేదు.

ఆ సాయంత్రానికే పంపు మార్చాడు. అయిన ఖర్చు ఇంజను విప్పడానికి అడిగిన మొత్తంలో పదోవంతు కూడా కాదు. బోరునీటిలోని లవణాలు లోపల పొరగా పేరుకొంటాయని చెప్పి, శుద్ధజలంలో కూలెంట్ కలిపి పోశాడు. తుప్పును నిరోధించి, మరుగు స్థానాన్ని పెంచే ఆ ద్రవం రుచికి తియ్యగా ఉన్నా విషమని, పిల్లలకూ పశువులకూ అందనీయవద్దని హెచ్చరించాడు. మరుసటి వారం నోటుపుస్తకంలో కారు వరుస ఖాళీగా మిగిలింది. ఆ తరువాత రెండేళ్లపాటు, అమ్మ కన్నుమూసే వరకు, ఆ కారు ఒక్క విడతకైనా ఆలస్యం చేయకుండా ఆమెను వారధి దాటించింది.

పట్టాలు లేని ఆ మేస్త్రిలోనూ, ఎన్నో పట్టాలున్న అమ్మ వైద్యునిలోనూ నేను ఒకే గుణాన్ని చూశాను. ఇద్దరూ మొదట అడిగారు, కొలిచారు, కానిదానిని ఒక్కొక్కటిగా తొలగించారు, ఆ తరువాతనే చేయి వేశారు. తరిగినదానిని నింపడం అవసరమే. కాని, నింపినంత మాత్రాన లోపం తీరదు. అది ఎటు పోతున్నదో తెలుసుకోవడమే చికిత్సకు తొలిమెట్టు. యంత్రానికైనా, మనిషికైనా, కుటుంబానికైనా వర్తించే నీతి ఇది. చదువు మనకు నేర్పవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే.