మోతాదు

తెలుగులో మందు అన్న మాటకి మూడు అర్థాలు. ఒంట్లో బాగోకపోతే వేసుకునేది, నలుగురు చేరితే పోసుకునేది, తుపాకీలో దట్టించేది. మొదటిది నా ఉద్యోగం, ఒక హాస్పిటల్ ఫార్మసీలో. రెండోదాని జోలికి పోను. మూడోదాన్ని కాన్సస్‌లో ఒక గరాజ్‌లో కూర్చుని, టార్చిలైటు వేసి మరీ చూస్తానని ఎవరైనా ముందే చెప్పుంటే నవ్వేదాన్ని.

గరాజ్ మా పక్కింటి పెద్దాయనది. ఎనభై దాటాయి. ఇక్కడి పద్ధతిలో పేరు పెట్టి పిలవమంటారు, నాకు నోరు రాక 'సార్' అనే పిలుస్తాను. ఆయన దగ్గర పాత నమూనా రైఫిల్ ఒకటుంది. ఒక్కసారికి ఒక్క తూటా. పేల్చాక కిందున్న లీవర్ లాగితే వెనకాల ఇనప దిమ్మ కిందికి జారుతుంది, ఖాళీ గొట్టం బయటికొస్తుంది, ఇంకోటి చేత్తో పెట్టాలి. 1879లో జాన్ బ్రౌనింగ్ పేటెంట్ తీసుకున్న ఏర్పాటు అది. విన్‌చెస్టర్ కంపెనీ కొనుక్కుని 1885 మోడల్ అని అమ్మింది. పెద్దాయనది దానికి ఈ కాలపు నకలు.

తూటాలు ఆయన కొనరు. చేసుకుంటారు. పేల్చిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి, సాగినదాన్ని అచ్చులో నొక్కి పాత కొలతకి తెచ్చి, అడుగున కొత్త ప్రైమర్ బిగించి, మందు పోసి, సీసం గుండు కూరుస్తారు. ఒకే గొట్టం ఎన్నోసార్లు పనికొస్తుంది. ఆ పొదుపు చూస్తే మాత్రం అచ్చం మనవాళ్లే అనిపిస్తుంది.

ఆ తూటా పేరు 45-70. 1873లో అమెరికా సైన్యం కోసం వచ్చింది. 45 అంటే గుండు లావు, అంగుళంలో నూటికి నలభై ఐదు వంతులు. 70 అంటే అందులో పట్టే నల్లమందు, గ్రెయిన్లలో. గ్రెయిన్ అంటే ఒకప్పుడు బార్లీ గింజ బరువు, మన కంసాలులు గురివింద గింజలతో బంగారం తూచినట్టు. పదిహేనున్నర గ్రెయిన్లయితే ఒక గ్రాము. నాకిది కొత్త కాదు. ఆస్పిరిన్ మాత్ర 300 అనో 350 అనో కాకుండా 325 మిల్లీగ్రాములని ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది పాతకాలపు ఐదు గ్రెయిన్ల మాత్ర. మందులవాళ్లు, తుపాకీ మందువాళ్లు ఒకే తక్కెడ వాడిన రోజుల గుర్తు ఇంకా మన ఇళ్లల్లో ఉంది.

నల్లమందు మనకి తెలిసిందే. సురేకారం, గంధకం, బొగ్గు. దీపావళి మర్నాడు వాకిట్లో మిగిలే వాసన అదే. పల్నాడులో మా తాతగారి ఊళ్లో పంటల మీద పడే అడవిపందుల కోసం నాటు తుపాకీలుండేవి, గొట్టంలో మందు పోసి కడ్డీతో దట్టించేవాళ్లు. ఇత్తడి తూటాలో కూడా నల్లమందు నియమం ఒకటే. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉండకూడదు, నిండుగా పొయ్యాలి. అంటే పాత్రే కొలత. ఎంత పరధ్యానంలో ఉన్నా రెండుసార్లు పొయ్యలేరు, పొంగిపోతుంది కాబట్టి. నిరక్షరాస్యుడు కూడా తప్పు చేయలేని అమరిక.

1884లో పాల్ వియెయ్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పొగరాని మందు తయారుచేశాడు. దాని మూలం పత్తి. నత్రికామ్లంతో మార్చిన పత్తి. పత్తి చేలల్లో పెరిగినదాన్ని కాబట్టి ఇది విన్నప్పుడు కాస్త ఉలిక్కిపడ్డాను. పేల్చినవాడి ముందు పొగతెర లేదు, గొట్టంలో మసి లేదు, బరువుకి బరువు చూస్తే బలం చాలా ఎక్కువ. పాతికేళ్లలోపే సైన్యాలన్నీ దానికి మారిపోయాయి. ఇబ్బందల్లా పాత గొట్టాలతోనే. డెబ్బై గ్రెయిన్ల నల్లమందు కోసం చేసిన గొట్టంలో కొత్త మందు తగినంత పోస్తే, రకాన్ని బట్టి, ఒక్కోసారి సగం కూడా నిండదు. పైన అంతా ఖాళీ. తుపాకీ ముక్కు కిందికి వంచితే మందు ఒకవైపు, పైకెత్తితే ఇంకోవైపు జారుతుంది. దాన్ని బట్టి గుండు వేగం కూడా మారవచ్చు. ఖాళీలో దూదిలాంటిది కూరొచ్చా కూరకూడదా అన్నది పెద్దాయన స్నేహితుల మధ్య మన ఛందోవాదాల స్థాయిలో జరిగే గొడవ. ఆ ఖాళీ తగ్గించడానికే, నడుమ చిల్లుతో బుల్లి గారెల్లా ఉండే గుల్లమందొకటి తయారుచేశారు. ట్రెయిల్ బాస్ అంటారు. పెద్దాయన వాడేది అది కాదు.

అసలు భయం ఖాళీది కాదు. ఆ ఖాళీలో ఇంకో మోతాదు పడుతుంది. పోసిందాంట్లోనే మళ్లీ పోసినా పొంగదు, గుండు మామూలుగానే కూర్చుంటుంది, బయటికి తూటా తూటాలాగే ఉంటుంది. పేల్చినప్పుడు బుగ్గ పక్కనే ఇనుము పగలవచ్చు. ఇంకో తిరకాసు కూడా ఉంది. 45-70కి పుస్తకాల్లో మూడు పట్టికలుంటాయి: 1873 నాటి సైనిక రైఫిల్‌కి ఒకటి, లీవర్ రైఫిల్స్‌కి ఒకటి, ఈ కాలపు గట్టి తుపాకీలకి ఇంకొకటి. తూటా ఆకారం ఒకటే, మూడింట్లోనూ దూరుతుంది. మూడోదానికి చేసింది మొదటిదాంట్లో పెడితే తుపాకీ దక్కదు. తేడా చెప్పేది అట్టపెట్టె మీద రాత ఒక్కటే.

నన్ను పిలిచింది ఇందుకే. పెద్దాయన కళ్లు మాక్యులా దగ్గర దెబ్బతిన్నాయి, చూపు మధ్యలో మసక. గొట్టం అంచు కనిపిస్తుంది, లోపల మందు ఎంతవరకుందో కనిపించదు. "మీ ఫార్మసీలో ఒకరు కలిపింది ఇంకొకరు చూస్తారట కదా" అన్నారు ఒకరోజు కంచె అవతల నుంచి. చూస్తాం. కీమో మందుల్లాంటివి ఇద్దరు విడివిడిగా లెక్కకట్టి, ఇద్దరూ సంతకం పెట్టాకే రోగి దగ్గరికి పోతాయి.

వెంటనే ఒప్పుకోలేదు. 2017 ఫిబ్రవరిలో ఇదే రాష్ట్రంలో, ఒలేతాలో, మా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు ఇద్దరు తెలుగువాళ్ల మీద కాల్పులు జరిపాడు. ఒకరు పోయారు. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరూ బయట తెలుగులో గట్టిగా మాట్లాడలేదు. మా అమ్మాయి స్కూల్లో లైట్లార్పి బల్లల కింద దాక్కోవడం ప్రాక్టీసు చేయిస్తారు. అది వేరు, ఇది వేరు అంటారు పెద్దాయన. ఆయన అట్టముక్క మీద గురి చూస్తారు తప్ప జింకని కూడా కొట్టరు. కాన్సస్ చరిత్ర కూడా చెప్పారు: 1856 ప్రాంతంలో బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లకి తూర్పు నుంచి షార్ప్స్ రైఫిల్స్ పంపారు, హెన్రీ వార్డ్ బీచర్ అనే పాస్టర్ పేరు మీద వాటిని 'బీచర్ బైబిళ్లు' అన్నారు. అవీ ఒక్క తూటావే. నిజమే. 1870ల్లో ఇదే మైదానాల్లో తోళ్ల కోసం అడవిదున్నల మందల్ని తుడిచిపెట్టినవీ అలాంటి రైఫిల్సే, ఆ సంగతి నేను గుర్తుచేశాను. తలూపారు.

నేను వెళ్లకపోతే ఆయన మానేస్తారా, ఒక్కరే చేసుకుంటారా? రెండోదే జరుగుతుందని తెలుసు. వెళ్లాను.

చెక్క దిమ్మలో యాభై గొట్టాలు నిలబెట్టి మందు పోశారు. నేను టార్చి వేసి వరసగా చూశాను. ఎత్తు పోల్చడమే పని, పొలంలో నారు ఎదుగుదల చూసినట్టు. నాలుగో వరసలో ఒకటి పైకుంది. చూపించాను. తక్కెడలో పోసి తూచి, నన్ను చదవమన్నారు. చదివాను. ఆయన ఏమీ అనలేదు. యాభై గొట్టాల మందూ డబ్బాలోకి వంపేసి, మొదటినుంచి మొదలుపెట్టారు. అప్పటిదాకా మోగుతున్న రేడియో ఆపేశారు.

ఇప్పుడు నేను లేకుండా మందు డబ్బా తెరవరు. పెట్టెల మీద రాత నాదే: తేదీ, మందు పేరు, గ్రెయిన్లు, ఏ తుపాకీకి, పోసిందెవరు, చూసిందెవరు. మావారు ఆ సంతకం చూసి "రేపు ఏమన్నా అయితే?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు.

పోయిన నెల ఆయన కొడుకు వేరే రాష్ట్రం నుంచి ఫోన్ చేశాడు. కారు తాళాలు ఎలాగో ఇప్పించుకున్నాను, ఇది కూడా మాన్పించండి, మీ మాటయితే వింటారు అన్నాడు. మీ నాన్నగారితో మీరే మాట్లాడండి అన్నాను. ఇంకా మాట్లాడినట్టు లేదు. శనివారానికి గొట్టాలు శుభ్రం చేసి పెట్టానని పెద్దాయన నిన్న కంచె దగ్గర చెప్పారు.