దొరువు నీరు - వేపపప్పు

నెల్లూరుకు తూర్పున మైపాడు సముద్రతీరం ఉన్నది. ఈ తీరాన ఇసుక నేలలే ఎక్కువ. ఇటువంటి చోట కొద్ది లోతు తవ్వితే మంచినీరు ఊరుతుంది. ఆ గుంటను దొరువు అంటారు. అడుగున ఉన్న ఉప్పునీటి కంటె వాననీరు తేలిక గనక పైన నిలుస్తుంది. దొరువులో దొరికేది ఆ నీరే.

ఇసుకలో ఏది పోసినా త్వరగా ఇంకుతుంది. వంగతోటలో చల్లిన పురుగుమందు కూడా వానతో దొరువులోకి దిగవచ్చు. పైగా అది పేనుబంకను తినే అక్షింతల పురుగులను కూడా చంపుతుంది.

మరి చీడలను ఆపటం ఎలా? 50 గ్రాముల వేపపప్పు దంచి, గుడ్డలో మూటగట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి పిండాలి. చిటికెడు సబ్బుపొడి కలిపి చల్లాలి. ఆ చేదు తగిలిన ఆకులను పురుగులు సరిగా తినవు. తిన్నవి సరిగా ఎదగవు. ఎండకు వేపమందు విరిగిపోతుంది గనక సాయంత్రం చల్లాలి, కొద్ది రోజులకు మళ్లీ చల్లాలి. శ్రమ కొంత ఎక్కువే; కాని దొరువు నీటిని నిర్భయంగా తాగే ఊరికి అది పెద్ద శ్రమ కాదు.