చిల్లర లెక్క

ఇచ్ఛాపురంలోని మా మదరసాకు ఏడేళ్ల వయసులో వచ్చిన ఒక బాలుడు నేడు ఇరవై ఏళ్ల యువకుడు. అతనికి ఆటిజం. పిలిస్తే పలికేవాడు కాడు, ముఖంలోకి చూసేవాడు కాడు. కాని విన్న సూరాను స్వరం తప్పకుండా అప్పగించేవాడు. మేము మురిసిపోయి ప్రతి జల్సాలోనూ అతన్ని వేదిక ఎక్కించాము. పది రూపాయలిచ్చి దుకాణానికి పంపిన రోజు మాత్రం ఒక్కటీ లేదు. ఆ తప్పు మాదే.

నిరుడు తండ్రి మరణించాడు. నలభై రోజులైనా గడవకముందే పెద్ద కుమారుడు మా వద్దకు వచ్చాడు. "హజ్రత్, తమ్ముడికి ఆస్తి ఏం తెలుసు? వాడి వాటా కూడా నా పేరనే ఉండనివ్వండి, వాణ్ణి నేనే చూసుకుంటాను" అన్నాడు. అది దురాశ అని మేము అనము. అలసిపోయిన ఇంటి నుంచి వచ్చే మాట అది. తల్లి మాత్రం పరదా వెనుక నుంచి, "నేను పోయాక?" అని ఊరుకుంది.

వారసత్వపు వాటా తెలివిని బట్టి వచ్చేది కాదు, అది అతనిదే. అన్నిసా సూరా 6వ ఆయతు అనాథల సొత్తును గురించి చెబుతూ, యుక్తవయసు వచ్చేదాకా వారిని పరీక్షించమనీ, వివేకం కనబడితే సొత్తు అప్పగించమనీ ఆదేశిస్తుంది. బులూగ్ వేరు, రుష్ద్ వేరు. ఈ ఆయతును ఏళ్ల తరబడి బోధిస్తూ కూడా ఆ 'పరీక్షించడం' దగ్గర మేము ఆగి ఆలోచించలేదు. చిన్న బేరం చేయనిచ్చి చూడాలని ఫుఖహాలు వివరించారు. అంటే ముందు నేర్పాలి కదా!

చట్టం సంగతి మేమూ ఆలస్యంగానే తెలుసుకున్నాము. 18 ఏళ్లు నిండిన బిడ్డ తరఫున సంతకం చేయడానికి తల్లికైనా దానంతటదే హక్కు ఉండదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఆపైన ఏటా లెక్కలు సమర్పించాలి. అమానతు అంటే ఇదే గదా అని పెద్దవాడికి చెప్పాము. కొన్నాళ్లు అతడు మాకు సలాము చెప్పడం కూడా మానేశాడు. సదరం ధ్రువపత్రానికి తల్లే వెనుకాడింది. ఇంట్లో పెళ్లికెదిగిన కూతురుంది మరి. చివరకు శ్రీకాకుళానికి తల్లినీ తమ్ముణ్ణీ రైలెక్కించి తీసుకువెళ్లినది ఆ పెద్దవాడే.

ఇప్పుడు ఆ యువకుణ్ణి మేనమామ పలాసలో తన ఇంట ఉంచుకుని, తాను పనిచేసే జీడిపప్పు కార్ఖానాకు తీసుకువెళ్తున్నాడు. యంత్రాల చప్పుడు అతడు భరించలేడు. అందుకని దూరపు గదిలో కూర్చుని గుండ్లను, బద్దలను, ముక్కలను వేరు చేస్తాడు. ఒక్క బద్ద కూడా గుండ్లలో కలవదట.

గురువారం సాయంత్రం ఇల్లు చేరతాడు. మొన్నటి జుమా రోజున మేమే అతన్ని సబ్బు కొనమని దుకాణానికి పంపి, దూరంగా నిలబడ్డాము. రెండు రూపాయల చిల్లరకు బదులు దుకాణదారు చాక్లెట్లు ఇవ్వబోయాడు. అతడు తీసుకోలేదు, కదలనూ లేదు. వెనుక నలుగురు విసుక్కుంటున్నా, నాణెం చేతిలో పడేదాకా అక్కడే నిలబడ్డాడు.