జ్ఞా

2018 ఫిబ్రవరిలో తిరువలం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "కొన్నాళ్లు నాకు తెలుగులో ఏమీ పంపించొద్దండి మామా!"

అంతకు మునుపు నవంబరులో విడుదలైన ఐఫోన్ టెన్ కొన్నాడు వాడు. ధర 89,000 రూపాయలు, వాయిదాల మీద. బ్యాంకులో అప్పులిచ్చే మామ వద్దంటే వింటాడా! చిత్తూరు వైపు నీవా అనే ఏరే వాళ్ల ఊళ్లో పొన్నై. దాని మీది ఇనుప వంతెనను ఫోటో తీసి మొదట నాకే పంపాడు. తమిళ బడిలో చదివాడు, తెలుగు మాట్లాడతాడే గాని చదవలేడు. కన్నైనా అలవాటు పడుతుందని రోజుకో తెలుగు మాట పంపేవాణ్ణి.

ఆ నెల ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో మెసేజీలు మొరాయిస్తున్నాయని లోకమంతా గోల. ఆ అక్షరం జ్ఞా. నిజానికి అక్షరానిది తప్పు కాదు. జ్ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని గుర్తొకటి చేరితే సాఫ్ట్‌వేర్ తట్టుకోలేకపోయింది. ఫిబ్రవరి 19న సవరణ వచ్చింది. వీడి ఫోనుకు అసలేమీ కాలేదు. అయినా "తెలుగు పంపించొద్దు" అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

తర్వాత వాళ్లింటికి వెళ్లినప్పుడు, "అదెట్లుంటాది మామా?" అన్నాడు. క్యాలెండరులో చించిన తేదీ కాగితం వెనక రాసి చూపాను.

"కిందుండేది మా ఞాబగంలో ఞానే కదా?"

"అదే. మనం జ్ఞాపకం అంటాం."

నాలుగుసార్లు దిద్దాడు. మూడోసారికే ఒత్తు కుదిరింది. కాగితాన్ని ఆ ఫోన్‌తోనే ఫోటో తీస్తూ, "ఇట్లయితే ఏమీ కాదు కదా?" అన్నాడు.